మెట్రో లైన్లు ఎక్కడ కలుస్తున్నాయో కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రపంచంలోని పెద్ద నగరాల భూగర్భ రైలు మార్గాల గురించి మీ పత్రిక ప్రచురించిన ప్రత్యేక కథనాన్ని, దానితో పాటు ఇచ్చిన పట్టికను శ్రద్ధగా చదివాను. ఏ నగరంలో ఎన్ని లైన్లు, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని స్టేషన్లు ఉన్నాయో ఒకచోట చేర్చడానికి మీ విలేఖరులు పడిన శ్రమ కనిపిస్తూనే ఉంది. అయితే రైల్వే ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరైన నాకు ఆ పట్టికలో ఒక ముఖ్యమైన గడి లోటుగా అనిపించింది. ఒక లైను ఇంకో లైనును ఎక్కడ కలుస్తుంది, కలిసిన చోట ప్రయాణికుడు ఎంత దూరం నడవాలి, మళ్లీ టికెట్ కొనాలా అన్న విషయాలు అందులో లేవు. నగరంలో రోజూ తిరిగే మనిషికి మెట్రో పనికొస్తుందా లేదా అన్నది తేల్చేవి ఇవేనని నా నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవవలసిందిగా మనవి.

అంకెల సంగతే ముందు చూద్దాం. న్యూయార్క్‌లో 472 స్టేషన్లున్నాయని మీరు రాశారు. అది సరైన సంఖ్యే. కానీ లోపలి నుంచే ఒక లైను దిగి ఇంకో లైను ఎక్కగలిగిన స్టేషన్ల సముదాయాన్ని ఒకే స్టేషన్‌గా లెక్కిస్తే ఆ సంఖ్య 423కు తగ్గుతుంది. తగ్గిన ఆ 49లోనే ఆ నగరపు రైలు వ్యవస్థ బలమంతా ఉంది. ఎందుకంటే లైన్లు కలిసే చోట్లు అవి. కేవలం స్టేషన్ల సంఖ్యను చూసి మురిసిపోయే పాఠకుడికి ఆ బలం ఎక్కడుందో తెలిసే వీలు లేదు.

ఏ నగరమైనా మొదట వేసే లైన్లు శివార్ల నుంచి నడిబొడ్డుకు వస్తాయి. కచేరీలు, బజార్లు, పెద్ద ఆస్పత్రులు అక్కడే ఉంటాయి కాబట్టి అది సహజమే. కొన్నేళ్లకు నగరం పెరిగి, ఉద్యోగాలు కూడా శివార్లకు పాకుతాయి. అప్పుడు ఒక శివారు నుంచి పక్క శివారుకు పోవలసినవాడు నడిబొడ్డు దాకా వచ్చి, అక్కడి రద్దీలో లైను మారి, మళ్లీ వెనక్కి పోవలసి వస్తుంది. ఈ ఇబ్బంది లండన్ నుంచి సోల్ (దక్షిణ కొరియా రాజధాని సియోల్) వరకు ప్రతి నగరానికీ ఎదురైంది. ఒక్కొక్క నగరం దానికి ఏం చేసిందన్నదే భూగర్భ రైళ్ల చరిత్రలో అన్నిటికన్నా విలువైన భాగం.

లండన్‌లో 1863 జనవరి 10న పాడింగ్టన్ నుంచి ఫారింగ్డన్ వరకు ప్రపంచంలోని మొదటి భూగర్భ రైలు, ఆవిరి ఇంజనుతో నడిచింది. దాన్ని ఎందుకు వేశారన్నది గమనించదగ్గ విషయం. బయటి ఊళ్ల నుంచి వచ్చే రైళ్లు నగర మధ్యభాగంలోకి రాకూడదని 1846లో ఒక రాజ కమిషన్ తేల్చడంతో పెద్ద రైల్వే స్టేషన్లన్నీ అంచుల్లోనే ఆగిపోయాయి. వాటిని ఒకదానితో ఒకటి, ఆపైన నగరంతో కలపడమే భూగర్భ రైలుకు అప్పగించిన పని. అంటే పుట్టుకలోనే అది కలిపే లైను. ఆ లైను మెట్రోపాలిటన్ అనే కంపెనీది. ఆ తర్వాత డిస్ట్రిక్ట్ అనే ఇంకో కంపెనీ వచ్చింది. ఈ రెండు కంపెనీల మార్గాలూ కలిసి 1884లో వలయం పూర్తయింది. కానీ రెండు కంపెనీల అధిపతులకూ ఒకరంటే ఒకరికి పడేది కాదు. గడియారపు ముల్లు తిరిగే దిశలో మెట్రోపాలిటన్ రైళ్లు, ఎదురు దిశలో డిస్ట్రిక్ట్ రైళ్లు ఎక్కువగా నడిచేవి. టికెట్లు ఎవరివి వారు అమ్మేవారు. దగ్గరి దారి అవతలి కంపెనీదైతే, ఆ సంగతి చెప్పకుండా ప్రయాణికుడిని చుట్టుదారిలో పంపేవారట. పట్టాలు కలిసినా కంపెనీలు కలవకపోతే జనానికి దక్కేది ఏమిటో ఆనాడే తేలిపోయింది.

మాస్కో ఈ విషయంలో ఎంతో స్పష్టంగా ఆలోచించింది. 1935 మే 15న మొదలైన అక్కడి మెట్రో మొదట నగర మధ్యం గుండా పోయే లైన్లతోనే పెరిగింది. 1950లో వలయ మార్గం మొదటి భాగం తెరిచి, 1954లో పూర్తి చేశారు. మొత్తం 12 స్టేషన్లు, 19 కిలోమీటర్ల పైచిలుకు. మీ పట్టికలాంటి దాంట్లో పెడితే అది చాలా చిన్న లైను. కానీ కుర్స్క్, పావెలెత్స్, కీవ్, బెలరూస్ దిక్కుల దూరప్రయాణపు రైళ్లు ఆగే స్టేషన్లను, మూడు పెద్ద స్టేషన్లు ఒకే కూడలిలో ఉన్న కొంసొమోల్‌స్కాయాను అది తాకుతూ పోతుంది. నగరం నలుమూలల నుంచి లోపలికి వచ్చే లైన్లన్నిటినీ మధ్యలోకి చేరకముందే పట్టుకుంటుంది. మధ్యలో రద్దీని తగ్గించింది ఆ 12 స్టేషన్లే.

మాస్కో గురించి చెప్పవలసిన మరో ముచ్చట ఉంది. అక్కడ వలయ మార్గంలో గడియారపు ముల్లు దిశలో పోయే రైళ్లలో స్టేషన్ల పేర్లు మగగొంతు చెబుతుంది, ఎదురు దిశలో ఆడగొంతు చెబుతుంది. మిగతా లైన్లలో నగర మధ్యానికి పోయే రైళ్లలో మగగొంతు, బయటికి పోయే రైళ్లలో ఆడగొంతు వినిపిస్తాయి. కళ్లు కనిపించనివారికి తాము ఏ దిక్కుకు పోతున్నామో అడగకుండానే తెలిసిపోతుంది. పైసా అదనపు ఖర్చు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. మనం మారుతున్నది ఏ లైనులోకి, పోతున్నది ఎటు అన్న ప్రశ్న ప్రయాణికుడి మనసులో ఎంత పెద్దదో తెలిసినవాళ్లే ఇలాంటిది తలపెట్టగలరు.

ఆ ఊరు అక్కడితో ఆగలేదు. 1908 నుంచి నగరం చుట్టూ ఒక గూడ్సు రైలు మార్గం ఉండేది. దశాబ్దాల పాటు దాని మీద సరుకు మాత్రమే నడిచింది. 2016 సెప్టెంబరులో అదే మార్గాన్ని 54 కిలోమీటర్ల ప్రయాణికుల వలయంగా తెరిచి, మెట్రో టికెట్టే దానికీ చెల్లేలా చేశారు. ఒకసారి డబ్బు చెల్లించినవారు గంటన్నర లోపల మెట్రోలోంచి ఇందులోకి, ఇందులోంచి మెట్రోలోకి ఉచితంగా మారవచ్చు. ఆ పైన 2023 మార్చి 1న భూగర్భంలోనే 70 కిలోమీటర్ల పెద్ద వలయం కూడా పూర్తయింది. పాత గూడ్సు మార్గాన్ని ఇలా వాడుకోవడం గురించి మన ఊరి సందర్భంలో మళ్లీ చెబుతాను.

సోల్‌లో రెండో లైను మొదటి ఆలోచనలో నగరానికి అడ్డంగా పోయే మార్గం. 1970లలో అప్పటి మేయర్ కూ జాచున్ దాన్ని వలయంగా మార్చారు. హాన్ నదికి దక్షిణాన ఉన్న గాంగ్నమ్ అప్పట్లో చాలావరకు పొలాలు. లైను 1984లో పూర్తయ్యేసరికి 48.8 కిలోమీటర్ల చుట్టులో పాత నగరమూ, విశ్వవిద్యాలయాలూ, కొత్తగా లేస్తున్న దక్షిణ భాగమూ ఒకే రైలుకు వచ్చాయి. ఊరు ఎటు పెరగాలో రైలు మార్గమే చెప్పిన సందర్భమిది. బీజింగ్‌లో రెండో లైను కూల్చేసిన పాత కోటగోడ వెంట చుట్టూ తిరుగుతుంది, దాని స్టేషన్లలో చాలావాటికి ఆ గోడకుండిన ద్వారాల పేర్లే ఉన్నాయి. ఊరు దాన్ని దాటిపోయాక 57 కిలోమీటర్ల పదో లైను ఇంకో పెద్ద వలయమై వచ్చింది.

వలయమే అన్నిటికీ మందని నేను అనడం లేదు. రైళ్లు నడిపించే పనిలో ఉన్నవారికి దాని కష్టం బాగా తెలుసు. మామూలు లైనులో ఆలస్యంగా వచ్చిన రైలు చివరి స్టేషన్‌లో నాలుగు నిమిషాలు తక్కువ ఆగి వేళకు బయలుదేరుతుంది. వలయంలో చివరి స్టేషన్ ఉండదు కాబట్టి పొద్దున పట్టిన ఆలస్యం చుట్టుచుట్టుకూ పెరుగుతూ పోతుంది. లండన్ సర్కిల్ లైను తన పట్టాల్లో ఎక్కువ భాగాన్ని ఇతర లైన్లతో పంచుకుంటుంది. అందువల్ల ఒక చోట ఆగిన రైలు నాలుగు లైన్లను ఆపేది. ఆ బాధ పడలేకే 2009 డిసెంబరులో దాని వలయాన్ని తెంచి, ఒక కొసను హామర్‌స్మిత్ దాకా పొడిగించారు. పేరు సర్కిల్ అయినా ఇప్పుడు ఆ రైలు గుండ్రంగా తిరగదు. ఎడ్జ్‌వేర్ రోడ్డులో ప్రయాణం ముగుస్తుంది. 125 ఏళ్లుగా ఉన్న ఏర్పాటును రైళ్లు వేళకు నడవడం కోసం మార్చడానికి వెనుకాడకపోవడం నాకు గౌరవం కలిగించిన విషయం. మీ పట్టికలో మాత్రం అది ఇంకా వలయంగానే ఉంది. సవరించగలరు.

ఇక పారిస్. 1900 జులై 19న అక్కడి మొదటి లైను పోర్ట్ ద వాన్సెన్ నుంచి పోర్ట్ మాయో వరకు మొదలైంది. అంతకు ముందు చాలా ఏళ్ల పాటు నగరపాలక సంస్థకూ, పెద్ద రైల్వే కంపెనీలకూ మధ్య తగవు నడిచింది. తమ రైళ్లు నగరం కిందుగా పోవాలని కంపెనీలు, అవి లోపలికి వస్తే ఊరి రైలు ఊరివారి చేయి దాటిపోతుందని నగరం పట్టుబట్టాయి. చివరికి నగరం నెగ్గి, పెద్ద రైళ్లు ఎన్నటికీ దూరలేనంత ఇరుకుగా సొరంగాలు తవ్వించింది. బోగీల వెడల్పు 2.4 మీటర్లు మాత్రమే. ఫ్రాన్స్‌లో రైళ్లు పట్టాల ఎడమ పక్కన నడుస్తాయి, మెట్రోను కుడి పక్కన నడిపారు. ఊరి లోపల ఫుల్జాన్స్ బియాంవెన్యూ అనే ఇంజనీరు వేసిన లైన్లు అద్భుతమైనవే. ఏ వీధిలో నిలబడినా స్టేషన్ నాలుగడుగుల్లో ఉంటుంది. కానీ శివారులో ఉండేవారు ఏడు దశాబ్దాలకు పైగా నగర ద్వారం దగ్గర దిగి మారుతూనే ఉన్నారు. 1977 డిసెంబరులో షాత్లే-లె ఆల్ అనే స్టేషన్ తెరిచి, శివారు రైళ్లను లోతైన వెడల్పాటి సొరంగాల్లో ఊరి నడుమ ఒకదానితో ఒకటి కలిపాకే ఆ తగవు ఫలితం కొంత సర్దుకుంది. ఒక శివారు నుంచి ఇంకో శివారుకు నేరుగా పోయే ఏర్పాటు కోసం గ్రాన్ పారీ ఎక్స్‌ప్రెస్ పేరుతో దాదాపు 200 కిలోమీటర్ల కొత్త లైన్లు ఇప్పుడు కడుతున్నారు. అందులో పదిహేనో లైను నగరం బయట 75 కిలోమీటర్ల వలయం. ఒకప్పుడు కోపంతో ఇరుకుగా తవ్విన సొరంగాల మూల్యాన్ని నూరేళ్ల తర్వాతి తరం పన్నుల రూపంలో కడుతోందని నేను అనుకుంటాను.

న్యూయార్క్‌లోనూ ఇలాంటి విడివిడితనమే. అక్కడ 1904 అక్టోబరు 27న మొదలైన వ్యవస్థలో నాలుగేసి పట్టాలు వేసి, అన్ని చోట్లా ఆగే రైళ్లను, ముఖ్యమైన చోట్ల మాత్రమే ఆగే రైళ్లను వేరువేరుగా నడపడం గొప్ప ఆలోచన. ఇప్పటికీ ఆ రైళ్లు రాత్రంతా నడుస్తాయి. అయితే రెండు ప్రైవేటు కంపెనీలు, ఒకటి నగరానిది, మొత్తం మూడు వ్యవస్థలు పోటీపడి లైన్లు వేసుకున్నాయి. 1940లో అన్నీ నగరం చేతికి వచ్చినా, మొదటి కంపెనీ సొరంగాలు ఇరుకు కావడంతో మిగతా రెండింటి బోగీలు వాటిలో పట్టవు. ఎనభై ఏళ్లు దాటినా రైళ్లను రెండు వేరు విభాగాలుగానే నడుపుతున్నారు. దాదాపు అన్ని లైన్లూ మన్‌హాటన్‌కే పోతాయి. క్వీన్స్, బ్రూక్లిన్ ప్రాంతాలను మన్‌హాటన్ తగలకుండా కలిపే పూర్తి లైను జి ఒక్కటే. ఈ లోటు తీర్చడానికి బ్రూక్లిన్‌లోని బే రిడ్జ్ నుంచి క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ వరకు ఉన్న ఒక పాత గూడ్సు మార్గం వెంట ప్రయాణికుల రైలు నడపాలని అక్కడి ప్రభుత్వం తలపెట్టింది. మాస్కోలాగే ఇక్కడా కొత్త ఆలోచనకు ఆధారం పాత పట్టాలే.

టోక్యో దగ్గర నేను కొంచెం ఆగాలి. అక్కడ 13 భూగర్భ లైన్లు, అవీ రెండు సంస్థల చేతుల్లో. తొమ్మిది టోక్యో మెట్రోవి, నాలుగు నగర ప్రభుత్వానివి. వీటికి తోడు శివార్ల నుంచి ఊరి అంచు దాకా వచ్చే ప్రైవేటు రైల్వేలు అనేకం. పారిస్‌లాగా గోడ కట్టుకోకుండా, ప్రైవేటు రైళ్లే భూగర్భ లైనులోకి దిగి, ఊరి కిందుగా పోయి, అవతల ఇంకో కంపెనీ పట్టాల మీదికి ఎక్కేలా వాళ్లు మార్గాలు కలుపుకున్నారు. దీనికి ఆద్యం 1960లో మొదలైన అసాకుసా లైను. దాంట్లోకి రావలసిన కెయ్‌సెయ్ రైల్వే పట్టాల మధ్య వెడల్పు (గేజ్) 1372 మిల్లీమీటర్లు, అసాకుసా లైనుకు ఎంచుకున్న వెడల్పు 1435 మిల్లీమీటర్లు. 63 మిల్లీమీటర్ల తేడా, అంటే నాలుగు వేళ్ల మందం కూడా లేదు. ఆ తేడా కోసం కెయ్‌సెయ్ వారు 1959లో తమ లైను మొత్తం పట్టాలు విప్పి మళ్లీ వేసుకున్నారు. రైలు మార్గంలో పనిచేసినవారికి ఆ పని ఎంతటిదో చెప్పనక్కరలేదు. పట్టా పట్టాకూ మేకులు ఊడదీయాలి, రైలు ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మారే పాయింట్లన్నీ మార్చాలి, ప్రతి బోగీ చక్రాలూ మార్చాలి. ఆ పని ఫలితంగా ఈనాడు నరితా విమానాశ్రయంలో ఎక్కినవారు మూడు సంస్థల పట్టాల మీదుగా, రైలు మారకుండానే హనెదా విమానాశ్రయంలో దిగవచ్చు. సంస్థల సరిహద్దు స్టేషన్లలో డ్రైవరూ కండక్టరూ మారతారు, ప్రయాణికుడు మాత్రం తన సీటులోనే కూర్చుంటాడు.

అదే టోక్యోలో దీనికి పూర్తి విరుద్ధమైనదీ ఒకటి ఉండేది. కుదాన్‌షితా స్టేషన్‌లో రెండు సంస్థల ప్లాట్‌ఫారాలు భూమి అడుగున పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఒక గోడ ఉండేది. ఒక రైలు దిగి అటు పక్కనున్న రైలు ఎక్కాలనుకునేవారు మెట్లెక్కి పైకి వెళ్లి, ఒక సంస్థ గేటు దాటి, రెండో సంస్థ గేటులోకి ప్రవేశించి, మళ్లీ మెట్లు దిగి రావాలి. రెండు సంస్థల లెక్కలు వేరు కాబట్టి గోడ. 2013 మార్చిలో దాన్ని కూల్చారు. ఆ రోజు నుంచి దిగిన ప్లాట్‌ఫారం మీద కొన్ని అడుగులు వేస్తే రెండో రైలు. దానికోసం ఒక్క మీటరు కొత్త సొరంగమూ తవ్వలేదు, ఒక్క స్టేషనూ పెరగలేదు. మీ పట్టికలోని అంకెల్లో ఆ రోజు ఏ మార్పూ రాలేదు. అక్కడ రోజూ రైలు మారేవారికి మాత్రం అది కొత్త లైనుతో సమానం.

సోల్‌లో నాలుగో లైనుదీ ఇలాంటి కథే. అక్కడి జాతీయ రైల్వే ఎడమ పక్కన, నగర మెట్రో కుడి పక్కన నడుస్తాయి, విద్యుత్తు కూడా వేరు. నాలుగో లైను రైలు నంతెర్యాంగ్, సొన్‌బావి స్టేషన్ల మధ్య నగర మెట్రో పట్టాల నుంచి జాతీయ రైల్వే పట్టాల మీదికి పోవాలి. అందుకని అక్కడ పోయే పట్టా, వచ్చే పట్టా ఒకదాని మీదుగా ఒకటి పోయేలా సొరంగాన్ని మెలితిప్పారు. ఆ మెలిక లోపలే రైలు 1500 వోల్టుల డీసీ నుంచి 25 వేల వోల్టుల ఏసీకి మారుతుంది. పాత బోగీల్లో ఆ క్షణంలో దీపాలు ఆరి వెలిగేవి. రెండు సంస్థల పద్ధతులు వేరైతే ఆ తేడాను ఇంజనీర్లు భరించారు, ప్రయాణికుడి నెత్తిన వేయలేదు.

లండన్‌కు మళ్లీ ఒకసారి వెళ్లక తప్పదు, ఎందుకంటే మనకు అన్నిటికన్నా దగ్గరి పాఠం అక్కడే ఉంది. ఆ నగరపు ఉత్తర, తూర్పు భాగాల్లో పాత రైల్వే మార్గాలు కొన్ని ఉండేవి. రైళ్లు అరుదు, చాలా స్టేషన్లలో సిబ్బంది ఉండరు, చీకటి పడితే అక్కడ నిలబడటానికి జనం భయపడేవారు. అందరికీ తెలిసిన భూగర్భ రైలు పటంలో వాటికి తగిన చోటు ఉండేది కాదు. 2007 నవంబరులో నగర రవాణా సంస్థ వాటిని తన చేతిలోకి తీసుకుని, ఓవర్‌గ్రౌండ్ అని పేరు పెట్టి, నారింజ రంగులో పటం మీద గీసింది. రైళ్లు నడిచినంత సేపూ స్టేషన్‌లో మనిషి ఉండేలా చేసింది. భూగర్భ రైలుకు వాడే కార్డే దీనికీ చెల్లింది. కొత్త బోగీలు వచ్చాయి, రైళ్ల సంఖ్య పెరిగింది. తూర్పు లండన్‌లో థేమ్స్ నది అడుగున మార్క్ బ్రూనెల్ తవ్వించిన సొరంగం ఒకటుంది. 1843లో పాదచారుల కోసం తెరిచి, 1869 నుంచి రైళ్లకు వాడుతున్నది. ఓవర్‌గ్రౌండ్ రైళ్లు దానిగుండా కూడా పోతాయి. 2012 డిసెంబరు నాటికి క్లాపమ్ జంక్షన్‌లో రెండు కొసలూ కలిసి లండన్ చుట్టూ వలయం ఏర్పడింది. అందులో ఎక్కువ భాగం విక్టోరియా రాణి కాలంనాటి పట్టాలే. కొత్తగా వేసింది చాలా కొద్ది. ఆ నగరం చేసిన అసలు పని పాత పట్టాలను పటం మీదికి తేవడం, టికెట్ ఒకటి చేయడం.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. మన మెట్రో 2017 నవంబరులో మొదలై, 2020 ఫిబ్రవరికి మూడు లైన్లతో దాదాపు 69 కిలోమీటర్లయింది. మూడు లైన్లూ ఒకదాన్నొకటి అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్ అనే మూడు చోట్ల కలుస్తాయి. అమీర్‌పేటలో మియాపూర్ – ఎల్‌బీ నగర్ రైలు దిగినవారు బయటికి రాకుండానే పై అంతస్తుకు వెళ్లి రాయదుర్గం రైలు ఎక్కుతారు. ఇది చక్కని ఏర్పాటు, కట్టినవారిని మెచ్చుకోవాలి. మీ కథనంలో ప్రపంచ నగరాల పక్కన మన 69 కిలోమీటర్లు చిన్నగా కనిపించాయని కొందరు పాఠకులు నిరాశపడినట్టున్నారు. నా దిగులు వేరు. మెట్రోకు పద్నాలుగేళ్ల ముందే, 2003 నుంచి ఇదే ఊళ్లో ఎంఎంటీఎస్ అనే లోకల్ రైలు నడుస్తోంది. మీ పట్టికలో అది లేదు. ఊళ్లో వేలాడదీసే చాలా పటాల్లోనూ మెట్రో ఉన్నచోట ఎంఎంటీఎస్ కనిపించదు.

మెట్రో ఇంకా చేరని పాతబస్తీకి ఎంఎంటీఎస్ ఎప్పుడో చేరింది. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, ఉప్పుగూడ, ఫలక్‌నుమా స్టేషన్లు ఉండనే ఉన్నాయి. ఎంజీబీఎస్ దాటి దక్షిణంగా మెట్రో పోవాలన్న ఆలోచన మొదటి ప్రణాళిక నుంచీ ఉంది, అది పూర్తయ్యేలోగా ఈ స్టేషన్లను మలక్‌పేటలో మెట్రోతో గట్టిగా ముడివేయడానికి అడ్డేమిటి? లక్డీకాపూల్, ఖైరతాబాద్, బేగంపేట, భరత్ నగర్ పేర్లు రెండు రైళ్లకూ ఉన్నాయి, స్టేషన్లు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. అయితే ఒకటి దిగినవారు బయటికి వచ్చి, రోడ్డు మీది రద్దీని తప్పించుకుని, రెండోదాని మెట్లెక్కి, మళ్లీ టికెట్ కొని, మళ్లీ తనిఖీ దాటి లోపలికి పోవాలి. కుదాన్‌షితాలో ఉండిన గోడ లాంటిదే ఇదీ, ఇటుకలు మాత్రం కనిపించవు. హైటెక్ సిటీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. అదే పేరుతో ఎంఎంటీఎస్ స్టేషన్ ఒకచోట, మెట్రో స్టేషన్ ఇంకోచోట ఉన్నాయి, ఒకదాని నుంచి ఇంకోదానికి నడిచిపోయే దూరం కాదు. కొత్తగా ఊరికి వచ్చినవారికి పటమే ఈ సంగతి చెప్పాలి.

ఈ రెండు రైళ్లనూ టోక్యోలోలాగా ఒకే పట్టాల మీద నడపలేమా అని ఎవరైనా అడగవచ్చు. కుదరదు. ఎంఎంటీఎస్ నడిచేది 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ మీద, మెట్రో నడిచేది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్ మీద. కోల్‌కతాలో 1984లో మొదలైన తొలి లైను బ్రాడ్ గేజ్, హుగ్లీ నది కిందుగా పోయే కొత్త లైను స్టాండర్డ్ గేజ్, అందువల్ల ఎస్ప్లనేడ్‌లో రైలు మారక తప్పదు. ఢిల్లీలోనూ మొదటి లైన్లు ఒక గేజ్, తర్వాతివి ఇంకో గేజ్. ఆ నిర్ణయాలు అయిపోయాయి, వాటి మీద ఇప్పుడు వాదించి లాభం లేదు. రైళ్లు ఒకే పట్టా మీద కలవలేనప్పుడు స్టేషన్లు కలవాలి. పైకప్పున్న వంతెన, ఒకటే టికెట్, ఒకదాని వేళలకు సరిపడేలా ఇంకోదాని వేళలు ఉంటే చాలు. మిగతాది జనమే చూసుకుంటారు.

పాత గూడ్సు మార్గం గురించి మళ్లీ చెబుతానన్నాను. సనత్‌నగర్ నుంచి మౌలాలి వరకు సికింద్రాబాద్ స్టేషన్ తగలకుండా నగర ఉత్తర భాగాన్ని చుట్టివచ్చే ఒక బైపాస్ రైలు మార్గం మనకూ ఉంది. గూడ్సు రైళ్లకే ఎక్కువగా పనికొచ్చిన ఆ మార్గాన్ని ఎంఎంటీఎస్ రెండో దశలో జంట పట్టాలు చేసి విద్యుదీకరించారు. 2024 మార్చిలో ఘట్‌కేసర్ – లింగంపల్లి రైలు ఆ దారిన మొదలైంది. తూర్పు శివారు నుంచి పడమటి శివారుకు ఊరి నడిబొడ్డు తగలకుండా పోయే మార్గమంటే, మాస్కోవారు 2016లో తెరిచిన వలయంలో ఒక ముక్క లాంటిది మన దగ్గర సిద్ధంగా ఉన్నట్టే. నేరేడ్‌మెట్ వాసికి హఫీజ్‌పేటలో ఉద్యోగముంటే ఇంతకన్నా సూటి దారి లేదు. కానీ వలయ మార్గంలో రైలు అరుదుగా వస్తే దానివల్ల ప్రయోజనం ఉండదు. మాస్కోలో, సోల్‌లో, లండన్‌లో ఆ లైన్లను జనం నమ్ముకున్నది వేళ చూసుకోకుండా స్టేషన్‌కు పోగలిగినందుకే. మన దగ్గర దూరప్రయాణపు రైళ్లు, సరుకు రైళ్లు, లోకల్ రైళ్లు అన్నీ అవే పట్టాలు పంచుకుంటాయి కాబట్టి లోకల్‌కు దారివ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు, ఆ కుర్చీలో కూర్చున్నవారి మీద నాకు సానుభూతే ఉంది. అయినా పొద్దున, సాయంత్రం రద్దీ వేళల్లోనైనా ఈ మార్గంలో లోకల్ రైళ్లకు నికరమైన వేళలు కేటాయించమని అడగడం అత్యాశ కాదు.

మెట్రో రెండో దశ గురించి మీ పత్రికలో తరచుగా వార్తలు వస్తున్నాయి. విమానాశ్రయానికి, పటాన్‌చెరుకు, హయత్‌నగర్‌కు, కోకాపేటకు, చాంద్రాయణగుట్టకు లైన్లు ప్రతిపాదనలో ఉన్నాయి. ప్రతి వార్తలోనూ ఖర్చు ఎంత, కిలోమీటర్లు ఎన్ని, స్టేషన్లు ఎన్ని అని ఉంటుంది. వీటిలో చాలావరకు ఇప్పుడున్న లైన్లను చివర్ల నుంచి ఇంకా బయటికి పొడిగించేవే. పొడిగింపు అవసరమే, కాదనను. కానీ పొడిగించిన ప్రతిసారీ అమీర్‌పేటలో మారేవారి సంఖ్య పెరుగుతుంది. ఆ స్టేషన్ మెట్లు, లిఫ్టులు, ప్లాట్‌ఫారాల వెడల్పు దాన్ని తట్టుకుంటాయా అని మీ విలేఖరులు అధికారులను అడగాలి. చాంద్రాయణగుట్ట లైనుకూ, ఫలక్‌నుమా వైపు పోయే ఎంఎంటీఎస్‌కూ మధ్య ప్రయాణికుడు ఎక్కడ, ఎలా మారతాడో నిర్మాణం మొదలుకాకముందే అడగాలి. కట్టాక వంతెన అతికించడం ఎంత కష్టమో పారిస్, న్యూయార్క్ నగరాలు తరాల పాటు అనుభవించాయి. విశాఖ, విజయవాడ మెట్రోల ప్రతిపాదనలు కాగితం మీదున్నప్పుడే రైల్వే స్టేషన్లతో, బస్టాండ్లతో అవి ఎలా కలుస్తాయన్న ప్రశ్న వేయడం ఇంకా సులువు.

చివరగా మీకు నాదొక విన్నపం. ఇకమీదట మెట్రో గురించి పటం ప్రచురించినప్పుడు, అదే పటం మీద ఎంఎంటీఎస్ మార్గాలను కూడా గీయించండి. రెండూ దగ్గరికి వచ్చే ప్రతి చోటా మీ విలేఖరిని ఒక ప్లాట్‌ఫారం నుంచి ఇంకో ప్లాట్‌ఫారానికి నడిపించి, ఎన్ని మీటర్లు, ఎన్ని మెట్లు, లిఫ్టు ఉందా, రోడ్డు దాటాలా, ఎన్ని టికెట్లు అన్నది ఆ చోటి పక్కనే చిన్న అక్షరాల్లో వేయించండి. ఇలాంటి పటం ఒక ఆదివారం అనుబంధంలో అచ్చయితే దాన్ని కత్తిరించి దాచుకునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. లక్డీకాపూల్, మలక్‌పేట, భరత్ నగర్‌ల నుంచి మొదలుపెట్టమని నా సూచన.

ఇట్లు,
విశ్రాంత రైల్వే ఉద్యోగి,
సికింద్రాబాద్.